దేశము వీడిన నాయకుడు

అనంతపుర సీమలో వానలు తప్పి వేరుసెనగ ఎండిపోయినప్పుడు కూలిజనులు ఇంటికి తాళము వేసి బెంగుళూరునకు వలసపోవుదురు. కాని చినుకు పడిన వెంటనే వారు మరలి రావచ్చును. మరలి వచ్చు దారియే మూసికొనిపోయిన వారిని ప్రవాసులందురు. అట్టివారిలో లోకమెరిగిన నాయకుడు టిబెట్టు మతగురువగు పదునాలుగవ దలైలామా.

ఆయన 1935లో ఆమ్దో సీమలోని తాక్సేరు గ్రామమున ఒక కర్షకుని యింట జన్మించెను. 1950లో చైనా సేనలు టిబెట్టును ఆక్రమింపసాగెను. ఆ యేడే, పదునైదేండ్ల ప్రాయమున, ఆయన రాజ్యభారమును వహించెను. 1959 మార్చి 10వ తేదీన లాసా నగర ప్రజలు తిరుగబడిరి. 17వ తేదీ రాత్రి ఆయన సామాన్య సైనికుని వేషమున నగరము వీడి, మంచుకొండలు దాటి, 31వ తేదీన భారతదేశమును చేరెను. మరుసటి యేడు ధర్మశాల ఆయనకు నివాసమైనది.

నేల లేని నాయకుడు ఏమి చేయగలడు? ఆయన మొదట పిల్లలకు బడులు పెట్టించెను. తల్లిభాష నిలిచిననే జాతి నిలుచునని తలంచెను. 1960లోనే ప్రవాసుల ప్రతినిధిసభ ఏర్పడెను. మన పొరుగుననున్న నాటి మైసూరు రాష్ట్రము బైలకుప్పెలో అడవినేల నొసగెను. చలిదేశపు జనులు ఆ యడవిని బాగుచేసి మొక్కజొన్న పండించిరి.

తొలుత స్వాతంత్ర్యమును కోరిన దలైలామా, తరువాత చైనాలోనే నిజమైన స్వపరిపాలన చాలునను మధ్యేమార్గమును చేపట్టెను. 1970లో వెలసిన టిబెట్టు యువజన కాంగ్రెసు దీనికి సమ్మతింపక సంపూర్ణ స్వాతంత్ర్యమునే కోరినది. చైనా ప్రభుత్వమో, ఆయనను వేర్పాటువాదియనుచున్నది. హింసను విడనాడిన పోరాటమునకు 1989లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. 2011లో ఆయన తన రాజకీయాధికారమును ప్రజలెన్నుకొన్న నాయకునికి తానై అప్పగించెను.

ఈ కథకు తెలుగునేలతో పాతబంధము కలదు. బుద్ధుడు కాలచక్రబోధ చేసిన చోటు కృష్ణాతీరమందలి ధాన్యకటకమని టిబెట్టువారి నమ్మకము. 1416లో లాసా చెంత వెలసిన మఠమునకు వారు డ్రెపుంగు అని పేరిడిరి. ఆ మాటకు ధాన్యరాశియని యర్థము. అది ధాన్యకటక నామమునకు అనువాదమే. ఆ మఠము 1959 తరువాత కర్ణాటకమందలి ముండగోడున మరల నెలకొన్నది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి, వేలకొలది భక్తుల నడుమ కాలచక్రదీక్ష నొసగెను.

బాలలారా! మన యూరిపేరును ఆ జాతి ఆరువందల యేండ్లు మోసినది. తన దేశపు పేరును మోయుట దానికి కష్టమగునా?