కొటేషన్‌లో లేబర్ రేటు తప్పితే లాభం ఎగిరిపోయినట్టే!

బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ లాంటి చోట్ల లేత్, వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ పనులతో బతికే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఇప్పుడు కొటేషన్లు కూడా కంప్యూటర్‌లోనే వేస్తున్నారు. డ్రాయింగ్ కొలతలు, మెటీరియల్, మెషిన్ టైమ్ ఇస్తే సాఫ్ట్‌వేర్ ధర చెప్పేస్తుంది. కానీ అందులో "గంటకు లేబర్ రేటు" అనే ఒక గడి ఉంటుంది. చాలామంది దెబ్బతినేది అక్కడే.

ఒక లెక్క చూద్దాం. ఆపరేటర్ జీతం నెలకు 18,000 రూపాయలు అనుకుందాం. 26 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 208 గంటలు. భాగిస్తే గంటకు దాదాపు 87 రూపాయలు. అదే కొట్టేసి ఊరుకుంటాం. కానీ యజమానికి అయ్యే ఖర్చు అంతే కాదు కదా!

20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టాలి. 15,000 పరిమితి మీద 12 శాతం అంటే 1,800 రూపాయలు. 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, అంటే 585 రూపాయలు. బోనస్ కోసం నెలకు 1,500 పక్కన పెట్టారనుకోండి. మొత్తం 21,885 రూపాయలు.

ఇక గంటల సంగతి. పండుగలు, సెలవులు, కరెంటు పోవడం, టూల్ మార్చడం, మెటీరియల్ కోసం ఎదురుచూడటం తీసేస్తే బిల్లు వేయదగిన గంటలు 160 మిగిలాయనుకుందాం. అప్పుడు అసలు రేటు గంటకు 137 రూపాయలు. తేడా 50 రూపాయలే కదా అనిపిస్తుంది. 400 గంటల ఆర్డర్‌లో అది 20,000 రూపాయలు. పిల్లల ఫీజుకు అనుకున్న డబ్బు అందులోనే పోతుంది.

మరి ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న రేటును నమ్మకండి. అది వేరే ఊరిదో, పాత ఏడాదిదో కావచ్చు. ఆపరేటర్‌కు, హెల్పర్‌కు, సెట్టింగ్ చేసే మేస్త్రీకి వేర్వేరు రేట్లు పెట్టండి. ఒక్కడే రెండు మెషిన్లు చూసుకుంటే ఒక్కో మెషిన్‌కు సగం లేబరే వేయాలి. ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి కాబట్టి అర్జెంటు ఆర్డర్లకు రేటు విడిగా ఉండాలి. పీఎఫ్, ఈఎస్ఐని ఓవర్‌హెడ్‌లో ఇప్పటికే కలిపి ఉంటే ఇక్కడ మళ్లీ కలపకండి. ధర అనవసరంగా పెరిగి ఆర్డరే పోతుంది.

ప్రతి రేటు పక్కన తేదీ, అది ఎలా వచ్చిందో ఒక ముక్క రాసి పెట్టుకోండి. కనీస వేతనంలోని కరువు భత్యం సాధారణంగా ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది. ఆ రెండు నెలల్లో రేట్లు ఒకసారి సరిచూడండి. పాత కొటేషన్ కాపీని మాత్రం మార్చకుండా దాచుకోండి. పని అయ్యాక నిజంగా పట్టిన గంటలతో పోల్చి చూస్తే తర్వాతి కొటేషన్‌లో ఎక్కడ సరిదిద్దాలో తెలుస్తుంది.

రేటు సరిగ్గా తెలిసినవాడు బేరంలో ఎంతవరకు తగ్గొచ్చో, ఎక్కడ ఆగాలో కూడా తెలుసుకుంటాడు. పనివాడి జీతం ఆపకుండా ఇవ్వాలన్నా ముందు ఈ లెక్క సరిగ్గా ఉండాల్సిందే.