వెన్నెముక క్షయ: మందులతోపాటు పరిచర్య కూడా ముఖ్యం

చౌడేపల్లె: వారాల తరబడి వీడని వెన్నునొప్పి, సాయంత్రం వేళ జ్వరం, ఆకలి మందగించి బరువు తగ్గడం వంటి లక్షణాలు కలిసి కనిపించినప్పుడు బరువులు మోసినందువల్ల వచ్చిన నొప్పి అని సరిపెట్టుకోరాదు. అది వెన్నెముక క్షయ కావచ్చును. ఎముకను, కీలును, నరాన్ని దెబ్బతీయగల ఈ వ్యాధి మందులతో నయమవుతుంది. అయితే మందులు తమ పని పూర్తిచేసే వరకు రోగి శరీరాన్ని కాపాడేది పరిచర్యయే.

ఆరోగ్యవరం నుండి ఇంటికి

క్షయ రోగుల సేవలో మదనపల్లె ప్రాంతానికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానిటోరియం ప్రారంభమైంది. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, నర్సుల సేవలే ప్రధాన చికిత్స. 1940వ దశకంలో స్ట్రెప్టోమైసిన్ రాకతో పరిస్థితి మారింది. ఊపిరితిత్తుల క్షయకు ఇంటి వద్ద క్రమం తప్పక మందులు వాడినా శానిటోరియంలో వలెనే ఫలితం ఉంటుందని మద్రాసులోని క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1959లో నిరూపించింది. ఆ విధంగా చికిత్స ఇంటికి చేరింది. దానితోపాటే నర్సు చేసే పనిలో అధిక భాగం కుటుంబ సభ్యుల బాధ్యత అయింది.

నరంపై ఒత్తిడి

క్షయ క్రిములు సాధారణంగా ఊపిరితిత్తుల నుండి రక్తం ద్వారా వెన్నుపూసలకు చేరతాయి. పూసలు క్రమంగా కరిగి కుంగినప్పుడు వీపుపై గూని ఏర్పడుతుంది. చీముగడ్డ గాని, కుంగిన ఎముక గాని వెన్నుపామును నొక్కితే కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టుతప్పి, చివరకు చచ్చుబడతాయి. మలమూత్రాలపై అదుపు పోవచ్చును. నడకలో తడబాటు కనిపించిన రోజునే రోగిని ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైన కొద్దీ కాళ్ళు తిరిగి కోలుకునే అవకాశం తగ్గుతుంది.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్ళడం ఈ ప్రాంతంలో తరతరాల అలవాటు. వెన్నెముక క్షయ విరుపు కాదు, క్రిముల వల్ల కలిగే వ్యాధి. కట్టుతో గాని, మర్దనతో గాని ఇది నయం కాదు. కరిగిన పూసలపై మర్దన చేయడం ప్రమాదకరం.

మంచం వద్ద సేవ

కాళ్ళు చచ్చుబడిన రోగికి ప్రధాన శత్రువు పడక పుండు. స్పర్శ లేనందున ఒత్తిడి రోగికి తెలియదు. కావున పగలు, రాత్రి ప్రతి రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. ఈ పనికి ఇద్దరు లేక ముగ్గురు అవసరం. తల, భుజాలు, నడుము, కాళ్ళు ఒకే దూలంలాగా కలిసి కదలాలి. నడుము మెలిక పడరాదు. ఈ పద్ధతిని ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే ముందే నర్సు వద్ద నేర్చుకోవాలి.

పిరుదుల నడుమ, తుంటి పక్కన, మడమలపై, చీలమండల వద్ద చర్మాన్ని రోజూ పరిశీలించాలి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే అది పుండుకు తొలి గుర్తు. ఆ భాగంపై మర్దన చేయరాదు, బరువు పడనీయరాదు. పిక్కల కింద దిండు ఉంచి మడమలను పైకి లేపి ఉంచాలి. దుప్పటిపై ముడతలు, తడి లేకుండా చూడాలి. స్పర్శ లేని చోట వేడినీటి కాపడం పెడితే చర్మం కాలిపోతుంది.

పాదాలు ముందుకు వాలిపోకుండా ఆసరా ఇవ్వాలి. వైద్యుని సలహాపై చీలమండ, మోకాలు, తుంటి కీళ్ళను రోజూ నెమ్మదిగా కదిలించాలి. లేకున్న కాళ్ళకు బలం వచ్చే నాటికి కీళ్ళు బిగుసుకుపోతాయి. మూత్రపు గొట్టం అమర్చినప్పుడు సంచి ఎల్లప్పుడూ నడుము కంటే దిగువన ఉండాలి. దానిని తాకే ముందు, తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఆహారం, మందులు

రాగి సంగటితోపాటు పప్పు, ఉలవలు, వేరుశనగ, గుడ్లు, పాలు, ఆకుకూరలు ఇవ్వాలి. మందులను సుమారు ఏడాది పాటు, అవసరమైతే అంతకు మించి వాడవలసి ఉంటుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. మూత్రం ఎర్రబారడం రిఫాంపిసిన్ వల్ల కలిగే సహజ మార్పు. కళ్ళు పచ్చబడినా, చూపు మందగించినా వెంటనే వైద్యునికి తెలపాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద ఆహారం కొరకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెరిగింది.

వెన్నెముకకు మాత్రమే పరిమితమైన క్షయ పక్కన కూర్చున్నంత మాత్రాన, కంచం పంచుకున్నంత మాత్రాన సోకదు. రోగిని వేరుగా ఉంచనవసరం లేదు. అయితే ఊపిరితిత్తులలో వ్యాధి ఉన్నదీ లేనిదీ పరీక్ష ద్వారా నిర్ధారించుకోవాలి. ఇంటిల్లిపాదీ కూడా పరీక్ష చేయించుకోవాలి.

రెండు గంటలకొకసారి పక్క మార్చే భారాన్ని తల్లి పైనో, భార్య పైనో వదలివేయక ఇంటిలోని వారందరూ వంతులు వేసుకొని పంచుకోవాలి. సకాలంలో చికిత్స, ఓర్పుతో కూడిన పరిచర్య లభించినవారిలో అనేకులు తిరిగి లేచి నడుస్తున్నారు.