సూది పడలేదు.. విమానం ఎక్కలేదు!

* కొవిడ్ కాలంలో టీకా లేనివారికి ఏ దేశం ఏం చెప్పింది?
* తొండియార్‌పేట తెలుగు పెద్దలకు కాన్పు ప్రయాణాల్లో చిక్కులు
* ఇప్పుడు ఏవి పోయాయి.. ఏవి ఉన్నాయి?

తొండియార్‌పేట (చెన్నై):
పాస్‌పోర్టు ఉంది. వీసా ఉంది. అమ్మాయి పంపిన టికెట్టూ ఉంది. అయినా రెండు డోసుల పత్రం చేతిలో లేకపోతే మీనంబాక్కం విమానాశ్రయంలో కౌంటరు దాటి ముందుకు పోలేని రోజులవి. అమెరికా వెళ్లే విదేశీయులకు ఈ నిబంధన 2021 నవంబరు 8న మొదలైంది. 2023 మే 12న గానీ పోలేదు. ఏడాదిన్నర! ఈలోగా కాన్పులు జరిగిపోయాయి, బారసాలలు అయిపోయాయి, అన్నప్రాసనలూ అయిపోయాయి. అమ్మమ్మలు, నాయనమ్మలు మాత్రం ఫోనులోనే చూసి సంతోషపడాల్సి వచ్చింది.

ఉత్తర చెన్నైలో తొండియార్‌పేట, కొరుక్కుపేట, వాషర్‌మెన్‌పేట, రాయపురం వైపు తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. తాతలు రేవులోనో, మిల్లులోనో పనిచేస్తే మనవళ్లు కంప్యూటరు చదువులు చదివి సముద్రాలు దాటారు. 2021 ఫిబ్రవరి 14న మెట్రో రైలు కూడా ఇటువైపు వచ్చింది. తొండియార్‌పేటలో ఎక్కితే నేరుగా విమానాశ్రయంలో దిగొచ్చు. దారి దగ్గరైంది కానీ, ఆ ఏడాదే నిబంధనలు దూరం పెంచేశాయి.

అమెరికా ఏమంది?

2021 మే 4 నుంచి మన దేశంలో ఉన్నవారు అమెరికాలో అడుగుపెట్టకుండా ఆంక్ష పెట్టారు. రెండో అల ఉద్ధృతంగా ఉన్న కాలమది. విద్యార్థులకు, మరికొందరికి మినహాయింపు ఇచ్చారు. నవంబరు 8న ఆ ఆంక్ష తీసేసి, దాని స్థానంలో టీకా నిబంధన తెచ్చారు. అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డుదారో కాని వ్యక్తి సందర్శక, విద్యార్థి, ఉద్యోగ వీసాలపై విమానంలో రావాలంటే టీకా పూర్తి కావాలి. చివరి డోసు పడి 14 రోజులు దాటాలి. పత్రం చూసి, ప్రయాణికుడి చేత హామీపత్రం రాయించుకునే బాధ్యత విమాన సంస్థలదే. అందుకే చిక్కు అమెరికాలో కాదు, ఇక్కడి కౌంటరు దగ్గరే వచ్చిపడేది.

మినహాయింపులు లేకపోలేదు. 18 ఏళ్లలోపు పిల్లలకు, టీకా వేసుకోకూడదని వైద్యులు రాసిచ్చినవారికి, అత్యవసర మానవతా కారణాలతో ప్రత్యేక అనుమతి పొందినవారికి వీలుండేది. టీకాలు బాగా కొరతగా ఉన్న దేశాల వారికి సందర్శక వీసా కాకుండా మరో వీసా ఉంటే వెసులుబాటు ఇచ్చారు. ఆ దేశాల జాబితాలో మన దేశం లేదు. కూతురి కాన్పుకు సాయం వెళ్లడం అన్నది ఏ మినహాయింపులోనూ లేదు!

విచిత్రం ఏమంటే.. అమెరికాలో పుట్టిన మనవడికి, అక్కడి పౌరసత్వం తీసుకున్న అల్లుడికి ఈ షరతు లేదు. టీకా లేకున్నా పరీక్ష చేయించుకుని వెళ్లొచ్చు. పక్కసీట్లో కూర్చోవాల్సిన అత్తగారికి మాత్రం అడ్డు!

లెక్క తప్పింది ఇక్కడే

టీకా వేసుకుందామని అప్పటికప్పుడు మనసు మార్చుకున్నా పని జరిగేది కాదు. కొవిషీల్డ్ అయితే రెండు డోసుల మధ్య 84 రోజులు ఆగాలి. ఆపైన 14 రోజులు. మొత్తం 98 రోజులు, అంటే మూడు నెలలు పైనే. కొవాగ్జిన్ అయితే 28 రోజులు, ఆపైన 14. మొత్తం 42 రోజులు. ఏడో నెల దాటాక అమ్మాయి గట్టిగా పట్టుబడితే, అప్పుడు కొవిషీల్డ్ మొదలుపెట్టిన తల్లికి కాన్పు నాటికి అర్హత వచ్చేది కాదు.

84 రోజులు ఆగకుండా 28 రోజులకే రెండో కొవిషీల్డ్ వేసుకునే వీలును కేంద్రం 2021 జూన్‌లో కల్పించింది. అయితే అది చదువుకు, ఉద్యోగానికి వెళ్లేవారికి, టోక్యో ఒలింపిక్స్ బృందానికి మాత్రమే. అదీ ఆగస్టు 31లోపు ప్రయాణం ఉంటేనే. కాన్పులకు వెళ్లే పెద్దలు ఆ లెక్కలో లేరు.

ఇక కొవాగ్జిన్ వేసుకున్నవారిది మరో కథ. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఆమోదం 2021 నవంబరు 3న గానీ రాలేదు. అంతవరకు రెండు డోసులూ వేసుకుని కూడా చాలా దేశాల దృష్టిలో టీకా లేనివారితో సమానం!

భయం.. కొరత

‘‘అమ్మా, ఆ సూదేదో వేసుకోరాదా’’ అని అక్కడి నుంచి అమ్మాయి. ‘‘వేసుకుంటాలేమ్మా, కాస్త నిదానంగా చూద్దాం’’ అని ఇక్కడి నుంచి తల్లి. చాలా ఇళ్లలో ఇదే మాట నడిచింది. దానికి కారణమూ ఉంది. 2021 ఏప్రిల్ 15న తమిళ సినీ హాస్యనటుడు వివేక్ చెన్నైలో ప్రజల ముందు టీకా వేసుకున్నారు. మరునాడు గుండెపోటు వచ్చింది. 17న కన్నుమూశారు. టీకాకు, మరణానికి సంబంధం లేదని వైద్యులు అప్పుడే చెప్పారు. కేంద్ర నిపుణుల కమిటీ కూడా అదే ఏడాది అక్టోబరులో ఆ మాటే తేల్చింది. కానీ ఈలోగా భయం వీధివీధికీ పాకిపోయింది.

భయం కాస్త తగ్గి వరుసలో నిలబడదామంటే మే, జూన్ నెలల్లో టీకాలే చాలలేదు. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వం సెప్టెంబరు 12న తొలి మెగా శిబిరం పెట్టింది. ఆ ఒక్క రోజే 28 లక్షలకు పైగా డోసులు వేశారు. అప్పుడు వేసుకున్నవారు ఒడ్డున పడ్డారు. ‘ఇంట్లోనే ఉంటాం కదా, మనకెందుకు’ అనుకున్న పెద్దలు మిగిలిపోయారు.

తొండియార్‌పేట వాసులకు అంటురోగాలు కొత్త కాదు. కార్పొరేషన్ అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నది ఇక్కడే. కలరా వచ్చినా, కంఠసర్పి వచ్చినా ఒకప్పుడు నగరమంతా ఇటే పరుగెత్తుకొచ్చేది. కొవిడ్ బాధితులకూ అందులో చికిత్స చేశారు. రోగం అంటే ఏమిటో తెలిసిన పేటలోనే సూది దగ్గర తటపటాయింపు ఎదురైంది.

ఇంటిపేరుతో తంటా

రెండు డోసులు వేసుకున్నవారినీ ఓ చిక్కు వదల్లేదు. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరులోని తొలి అక్షరం ఒక్కటే రాసుకోవడం అలవాటు. మన తెలుగువారికేమో ఇంటిపేరు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. టీకా పత్రం ఆధార్ ప్రకారం వచ్చేది. కౌంటరులో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేరువేరు మనుషుల్లా కనిపించేది! కొవిన్‌లో పాస్‌పోర్టు నంబరు జతచేసి, పేరు సరిదిద్దుకుంటే గానీ పని కాదు. పైగా పత్రంలో వయసు మాత్రమే ఉండేది. విదేశాలకు వెళ్లేవారికి పూర్తి పుట్టినతేదీతో పత్రం ఇస్తామని 2021 సెప్టెంబరు చివర్లో ప్రకటించారు. స్మార్ట్‌ఫోను వాడటం రాని పెద్దలు వీటన్నిటికీ పక్కింటి కుర్రాళ్ల మీదే ఆధారపడ్డారు.

ఒక్కో దేశానిది ఒక్కో దారి

* బ్రిటన్: టీకా లేనివారిని రానిచ్చింది. అయితే బయల్దేరే ముందు పరీక్ష, దిగాక మరో రెండు పరీక్షలు, 10 రోజుల ఏకాంతవాసం. 2021 అక్టోబరు 4న తెచ్చిన నిబంధనల్లో మన కొవిషీల్డ్ వేసుకున్నవారినీ ఇదే గాటన కట్టింది. మన దేశమూ అదేరోజు బ్రిటన్ వాళ్లకు అలాంటి షరతులే పెట్టింది. దెబ్బకు వారం తిరిగేసరికి, అక్టోబరు 11 నుంచి మనవారికి సడలింపు వచ్చింది. 2022 మార్చి 18న అన్నీ ఎత్తేశారు.
* ఆస్ట్రేలియా: 2022 జులై 6న టీకా షరతు తీసేసింది. అంతకుముందు జనవరిలో టీకా వేసుకోని టెన్నిస్ దిగ్గజం జకోవిచ్‌నే వెనక్కి పంపింది.
* కెనడా: 2022 అక్టోబరు 1న తీసేసింది.
* సింగపూర్: 2021 నవంబరు 29 నుంచి చెన్నై, ఢిల్లీ, ముంబయిల నుంచి టీకా వేసుకున్నవారికి ప్రత్యేక విమానాలు నడిపింది. టీకా లేనివారికి 2022 ఆగస్టు 29న ఏకాంతవాసం, 2023 ఫిబ్రవరి 13న మిగతా షరతులు పోయాయి.
* కువైట్: కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్లేవారు చాలామంది చెన్నైలోనే విమానం ఎక్కుతారు. 2021 ఆగస్టు 1న కువైట్ తలుపులు తెరిచినప్పుడు ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ టీకాలనే ఒప్పుకొంది. కొవాగ్జిన్ వేసుకున్నవారు దిక్కుతోచక నిలబడ్డారు.

మన దేశం ఏం చేసింది?

అటు నుంచి వచ్చేవారికి మన దేశం టీకాను తప్పనిసరి చేయలేదు. 2022 ఫిబ్రవరి 14 నుంచి, మన పత్రాన్ని ఒప్పుకొన్న దేశాల్లో టీకా పూర్తయినవారు ఆ పత్రం చూపితే సరిపోయేది. టీకా లేనివారు బయల్దేరే ముందు 72 గంటల్లోపు చేయించిన ఆర్‌టీపీసీఆర్ ఫలితం పెట్టాలి. అయిదేళ్లలోపు పిల్లలకు పరీక్ష లేదు. ముందుగా వివరాలు నింపే ‘ఎయిర్ సువిధ’ను 2022 నవంబరు 22న ఎత్తేశారు. అంటే టీకా లేని కూతురు అమెరికా నుంచి తల్లిని చూడటానికి రాగలదు. టీకా లేని తల్లి కూతుర్ని చూడటానికి పోలేదు!

ఒక ప్రశ్న

రెండో అలలో జరిగిన ప్రాణనష్టం చూసినవారెవరూ టీకా వద్దనరు. ముప్పు తీవ్రతను అది తగ్గించింది. కానీ ఒమిక్రాన్ వచ్చాక టీకా వేసుకున్నవారికీ సోకింది. వారి నుంచి ఇతరులకూ అంటింది. 2022 జూన్ 12న అమెరికా ప్రయాణానికి ముందు పరీక్షను తీసేసింది. టీకా షరతును మాత్రం మరో 11 నెలలు ఉంచింది. దాంతో వైరస్ ఒంట్లో ఉన్నా పత్రం ఉన్నవారు పరీక్ష లేకుండా ఎక్కొచ్చు. ఏ రోగమూ లేని పెద్దావిడ పత్రం లేక ఆగిపోవాలి. మొదట రక్షణగా పెట్టిన నిబంధన చివరికి కాగితంగా మిగిలిందని అందుకే అనాల్సి వస్తోంది. మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి అవసరం వస్తే.. పెట్టేటప్పుడే ఎప్పుడు తీస్తారో కూడా చెప్పడం న్యాయం.

ఇప్పుడు ఏది అడుగుతారు?

కొవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అమెరికా గ్రీన్‌కార్డు దరఖాస్తుదారుల వైద్యపరీక్షలో ఉన్న కొవిడ్ టీకా షరతునూ 2025 జనవరి 22న అక్కడి పౌరసత్వ, వలస సేవల విభాగం ఎత్తేసింది. కాన్పుకు వెళ్లే పెద్దలు ఇప్పుడు ఆ పత్రం కోసం వెతుక్కోనక్కర్లేదు.

అలాగని అన్ని సూదులూ పోలేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో పచ్చజ్వరం ఉన్న దేశాలకు వెళ్లేవారికి ఆ టీకా పత్రం కావాలి. పత్రం లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఆ రోగాన్ని మోసే దోమ మన దగ్గర దండిగా ఉంది, రోగం మాత్రం లేదు. అందుకే ఈ కట్టుదిట్టం. చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోను, రాజాజీ సాలైలోని పోర్టు ఆరోగ్య సంస్థలోను ఈ టీకా వేస్తారు. వేసుకున్న 10 రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుందని 2016 జులైలో మార్పు తెచ్చారు. 60 ఏళ్లు దాటినవారు, గుడ్డు పడనివారు ముందుగా వైద్యుణ్ని అడగాలి. హజ్ యాత్రికులకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి.

టికెట్టు కొనే ముందే వెళ్లే దేశం నిబంధన చూసుకోవాలి. మధ్యలో దిగి విమానం మారే దేశానిదీ చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరే ఆధార్‌లోనూ ఉండేలా తీరిక ఉన్నప్పుడే సరిచేసుకుంటే మేలు. కాన్పు తేదీ మనకోసం ఆగదు కదా!