పిండాభివృద్ధి శాస్త్రము – మన బిడ్డల చదువు

విశ్వవిద్యాలయమునకు వెళ్లు బిడ్డ, “వైద్యము గాదు, పిండాభివృద్ధి శాస్త్రము చదివెదను” అనినచో మన యిండ్లలో పెద్దలు కలత చెందుట సహజము. చెరకు తోటలలో చెమటోడ్చి కూడబెట్టిన ధనము ఈగలను పరిశీలించుటకా యని వారి సంశయము. దీనికి సమాధానము ఒక విద్యార్థి చరిత్రయందు కలదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ప్లెయిన్స్‌బరో అను ఊరు కలదు. అచట అనేక తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. ఆ ఊరికి పొరుగుననే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము కలదు. 1981లో అచట ఆచార్యుడుగా చేరిన ఎరిక్ వీషౌస్ గారు 1947లో జన్మించిరి. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో వారు ఖర్చుల నిమిత్తము ఒక ప్రయోగశాలలో పండ్ల ఈగలకు ఆహారము తయారుచేయు పనికి కుదిరిరి. పిమ్మట పిండశాస్త్ర తరగతిలో సజీవ పిండములు కన్నుల యెదుట విభజన చెందుట చూచి, ఆ విద్యకే జీవితము నంకితము చేసిరి. 1969లో పట్టభద్రులైరి.

మిగుల పండిన అరటిపండ్లపై ముసురు చిన్న ఈగయే యిది. దాని గ్రుడ్డు నుండి సుమారు ఒక దినములోనే పురుగు వెలువడును. చక్కెర మిల్లులో ఒక పనివాడు రానినాడు ఏ పని నిలిచెనో చూచినచో వాని పని యేదో తెలియును గదా! అట్లే ఒక జన్యువు చెడినపుడు పురుగు దేహమున ఏ భాగము లోపించెనో చూచి, ఆ జన్యువు పని గ్రహింపవచ్చును. జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున వీషౌస్ గారును, క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ గారును ఈ విధముగా శోధించి, దేహఖండములను తీర్చు 15 జన్యువులను గూర్చి 1980లో ప్రకటించిరి. 1995లో ఎడ్వర్డ్ లూయిస్ గారితో కలిసి వారిరువురు నోబెల్ బహుమానము పొందిరి. అది వైద్యశాస్త్ర బహుమానమే యని పెద్దలు గమనింపవలెను.

ఆ జన్యువులలో ‘హెడ్జ్‌హాగ్’ అనునది యొకటి. దానికి జ్ఞాతులైన జన్యువులు మనుష్యులలోను కలవు. వానిలో నొకటి చెడినచో గర్భస్థశిశువు మెదడు, ముఖము సరిగా రూపొందకపోవచ్చును. ఆ జన్యుమార్గము నడ్డగించు చర్మపు క్యాన్సర్ మందు 2012లో అమెరికాలో ఆమోదము పొందెను.

ప్రిన్స్‌టన్‌లో అణుజీవశాస్త్రము చదువువారు కడపటి సంవత్సరమున స్వయముగా పరిశోధించి సిద్ధాంతవ్యాసము వ్రాయవలెను. కావున ఈ విద్య పుస్తకములతో ముగియునది కాదు. ఓర్పుతో చూచు కన్నును, చిన్నపనికి వెనుదీయని చేతిని కోరునది. అట్టి గుణములు గల బిడ్డ యీ శాస్త్రము కోరినచో, తల్లిదండ్రులు అడ్డు చెప్పకముందు, ఏమి తెలిసికొనగోరుచున్నాడో వానిని కూర్చుండబెట్టి అడుగుదురు గాక.