బాల న్యాయమండలి

పద్నాలుగేళ్ల కుర్రవాడొకడు అంగడి ముందు నిలిపి ఉన్న సైకిలును తీసుకొనిపోయాడనుకొందాం. చుట్టుపక్కలవారు వెంటబడి పట్టుకొని పోలీసులకు అప్పగించారు. తరువాత ఏమవుతుంది? చేతికి సంకెళ్లు వేస్తారనీ, లాకప్పులో పెడతారనీ, కోర్టు బోనులో నిలబెడతారనీ మీలో చాలామంది అనుకొంటారు. ఇది సినిమాలు చూసి ఏర్పరచుకొన్న అభిప్రాయం. పద్దెనిమిదేళ్లు నిండని ఈ కుర్రవాడి విషయంలో ఆ మూడింటిలో ఏదీ జరగకూడదు.

పిల్లలను పెద్ద ఖైదీలతో కలిపి ఉంచరాదన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1920లో మద్రాసు రాజధానిలో బాలల చట్టం వచ్చింది. మన దేశంలో ఇటువంటి చట్టాలలో అదే మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలతోపాటు నేటి ఒడిశాలోని బరంపురం, కర్ణాటకలోని బళ్లారి కూడా అప్పుడు ఆ రాజధానిలోనివే. తరువాత 1986లోనూ, 2000లోనూ కేంద్ర చట్టాలు వచ్చాయి. 1986 చట్టం మగపిల్లలను పదహారేళ్ల వరకే బాలలుగా గుర్తించింది. 2000 చట్టం అందరికీ పద్దెనిమిదేళ్లు అన్నది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టం.

కుర్రవాడిని ఇరవైనాలుగు గంటలలోగా బాల న్యాయమండలి ఎదుట హాజరుపరచాలి. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. వారు ఎత్తైన వేదిక మీద కూర్చోరు. ఆ గదిలో బోను ఉండదు. కుర్రవాడిని 'ముద్దాయి' అనరు. మాట కూడా మచ్చ వేస్తుంది కదా!

పదిహేను రోజులలోగా ప్రొబేషన్ అధికారి ఒక నివేదిక ఇవ్వాలి. కుర్రవాడి ఇల్లు ఎటువంటిది, బడికి పోతున్నాడా, మానితే ఎందుకు మానాడు, అతనిచేత పని చేయించుకొంటున్నవారెవరు అన్నవి అందులో ఉంటాయి. విచారణకు ఈ నివేదికే ప్రాణమనవచ్చు. సైకిలు పోయిందన్న సంగతి అందరికీ తెలుసు. అది ఎందుకు పోయిందో ఈ కాగితమే చెప్పాలి.

ఇక్కడ మనబోటి వారికి ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. అనంతపురం నుంచి బెంగుళూరుకు కూలిపనికి వచ్చిన కుటుంబంలోని పిల్లవాడికి కన్నడం రాకపోవచ్చు. అడిగినదేమిటో తెలియక, భయంతో అన్నింటికీ తల ఊపితే అది ఒప్పుకోలుగా కనిపించే ప్రమాదముంది. అందుకే విచారణ భాష అర్థంకాని బాలునికి దుబాసీని ఏర్పాటు చేయడం మండలి విధి అని చట్టం చెప్పింది. ఆ సంగతి తెలిసి అడిగేవారు పక్కన ఉండాలి. ఉచితంగా న్యాయవాదిని కూడా కోరవచ్చు.

తప్పు రుజువైతే మండలి మందలించి తల్లిదండ్రులతో పంపవచ్చు, సమాజసేవ చేయమనవచ్చు, ప్రొబేషన్‌పై ఉంచవచ్చు. అవసరమైతే ప్రత్యేక గృహానికి పంపుతుంది. అక్కడైనా మూడేళ్లకు మించి ఉంచరాదు. చిన్న నేరాలలో విచారణ నాలుగు నెలలలో ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించినా ముగియకపోతే కేసును మూసివేస్తారు.

హత్య వంటి ఘోరనేరాల సంగతి వేరు. 2012లో ఢిల్లీలో జరిగిన దారుణం తరువాత దేశమంతటా ఆవేదన పెల్లుబికింది. పదహారేళ్లు నిండినవారు ఘోరనేరం చేస్తే, వారి మానసిక స్థితిని, పరిణామాలను గ్రహించే శక్తిని మండలి మొదట అంచనా వేస్తుంది. అవసరమనుకొంటే పెద్దవారివలె విచారించడానికి బాలల కోర్టుకు పంపుతుంది. ఒక మనసు ఎంత పండిందో కొద్ది రోజులలో కొలవడం సులభం కాదు. ఈ మార్పుపై వాదోపవాదాలు నేటికీ ఆగలేదు. అయితే అక్కడ కూడా మరణశిక్షగాని, విడుదలకు అవకాశంలేని యావజ్జీవ శిక్షగాని విధించరాదు.

మన సైకిలు కుర్రవాడి పేరును, ఫోటోను, చదివే బడిని పత్రికలలో ప్రకటించడం నేరం. అప్పీలు గడువు ముగిశాక, నియమాల ప్రకారం అతని కేసు కాగితాలను ధ్వంసం చేస్తారు. రేపు అతడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొంటే, ఈ పాత సంగతి అతనికి అనర్హత కాదు.