వేదాంత గ్రంథంలో రక్తపు దారి

ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తూ చేపలో రొయ్యలో తెచ్చుకునే కుటుంబాలు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. చేపను శుభ్రం చేస్తుంటే ఎర్రటి మొప్పల రక్తం చేతికి అంటుతుంది. రొయ్యలు మాత్రం గిన్నెడు ఒలిచినా ఎర్రచుక్క కనబడదు. రొయ్యకు రక్తం లేదా అని పిల్లలడిగితే లేదనే చెబుతాం. నిజానికి ఉంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉన్నట్టే, రొయ్య రక్తంలోని హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది. ప్రాణవాయువు కలిసినప్పుడు అది నీలంగా మారుతుందే తప్ప ఎర్రబడదు. బొద్దింకది ఇంకో పద్ధతి. వీపు పొడవునా 13 గదుల గుండె ఉన్నా, దాని రక్తానికి రంగే లేదు. గాలి సన్నని గొట్టాల గుండా నేరుగా శరీరంలోకి చేరుతుంది గనుక ప్రాణవాయువును మోసే పని ఆ రక్తానికి లేదు. ఆహారాన్ని, వ్యర్థాలను మాత్రమే మోస్తుంది.

చేప గుండెకు రెండే గదులు. అక్కడినుంచి రక్తం మొప్పలకు వెళ్లి, ప్రాణవాయువు తీసుకుని, అటునుంచి అటే ఒళ్లంతా తిరిగి గుండెకు వస్తుంది. కప్పకు మూడు గదులు. పక్షులకు, ఆవుకు, మనిషికి నాలుగు. అందుకే మన రక్తానికి రెండు ప్రయాణాలు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి ఎడమవైపుకు రావడం ఒకటి, ఎడమవైపు నుంచి దేహమంతా తిరిగి కుడివైపుకు చేరడం మరొకటి. ఇందులో మొదటి ప్రయాణాన్ని వివరిస్తూ ఐరోపాలో మొట్టమొదట అచ్చయిన పుస్తకం వైద్యగ్రంథం కాదు. అది క్రైస్తవ వేదాంత గ్రంథం. దాన్ని రాసిన మనిషిని కాల్చేశారు.

గ్రీకు వైద్యుడు గాలెన్ రెండో శతాబ్దంలో చెప్పిన మాటే పదమూడు వందల ఏళ్లకు పైగా ఐరోపాలో చెల్లుబాటయింది. తిన్న ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారవుతుందని, గుండె మధ్యగోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా కొంత రక్తం కుడినుంచి ఎడమకు ఊరుతుందని ఆయన బోధ. స్పెయిన్ దేశస్థుడైన మైకేల్ సెర్వీటస్ దీన్ని ఒప్పుకోలేదు. పారిస్‌లో వైద్యం చదివి, ఫ్రాన్సులోని వియెన్ పట్టణంలో మారుపేరుతో వైద్యుడిగా బతుకుతున్నవాడాయన. ఆయన్ని కదిలించిన ప్రశ్న ఆసుపత్రిలో పుట్టింది కాదు, బైబిల్లో పుట్టింది. దేవుడు ఆదాము నాసికారంధ్రాలలో జీవవాయువు ఊదాడని ఆదికాండం చెబుతోంది. ప్రాణం రక్తంలో ఉందని లేవీయకాండం చెబుతోంది. మరి ముక్కులోంచి వచ్చిన ఊపిరి, నరాల్లో పారే రక్తం ఎక్కడ కలుసుకుంటున్నాయి? ఊపిరితిత్తుల్లో అని ఆయన జవాబు. మధ్యగోడలో దారి లేదన్నాడు. ఊపిరితిత్తులకు వెళ్లే నాళం వాటిని పోషించడానికి మాత్రమే అయితే అంత లావుండక్కర్లేదన్నాడు. రక్తం అక్కడే గాలితో కలిసి ఎర్రటి కాంతి తెచ్చుకుంటుందన్నాడు. ఇదంతా 1553లో రహస్యంగా అచ్చువేసిన ‘క్రిస్టియానిస్మి రెస్టిట్యూషియో’ అనే లాటిన్ పుస్తకంలో, పరిశుద్ధాత్మను గురించి రాస్తూ మధ్యలో రాసిన కొన్ని పేజీలు మాత్రమే.

ఆ పుస్తకంలోనే ఆయన త్రిత్వాన్ని కాదన్నాడు, శిశు బాప్తిస్మం తప్పన్నాడు. తెలుగునాట బాప్టిస్టు సంఘాలవారు రెండోదానికి ఆయన్ని తప్పుపట్టరు. మొదటి విషయంలో మాత్రం మనలో దాదాపు ఎవరూ ఆయన పక్కన నిలబడరు. వియెన్‌లో రోమా సంఘపు విచారణాధికారులు ఆయన్ని చెరలో వేస్తే తప్పించుకున్నాడు. మనిషి దొరక్క ఆయన బొమ్మను తగలబెట్టారు. అక్కడినుంచి ఎందుకో జెనీవా చేరాడు. 1553 ఆగస్టు 13, ఆదివారం. కాల్విన్ ప్రసంగిస్తున్న చర్చికి వెళ్లాడు. అక్కడ గుర్తుపట్టి పట్టుకున్నారు. కాల్విన్ నేరాలు మోపాడు, నగర మండలి శిక్ష వేసింది. మంటకు బదులు కత్తితో తల తీయమని కాల్విన్ అడిగినా మండలి వినలేదు. అక్టోబరు 27న షాంపెల్ గుట్టమీద, ఆయన పుస్తకాన్ని ఆయనకే కట్టి సజీవంగా కాల్చారు.

ఈ పాపాన్ని రోమా సంఘం మీదికి నెట్టేద్దామంటే వీలుపడదు. వాళ్లు కాల్చింది బొమ్మను. మనిషిని కాల్చింది మనవాళ్లు.

పుస్తకం ప్రతులు కూడా దాదాపుగా బూడిదయ్యాయి గనుక ఆ కొద్ది పేజీలు వైద్యులకు చేరనేలేదు. ఆయనకంటే మూడు వందల ఏళ్ల ముందే, 1242లో, ఇబ్న్ అల్ నఫీస్ అనే ముస్లిం వైద్యుడు ఇదే దారిని రాసిపెట్టాడన్న సంగతి కూడా 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఆ రాతప్రతి కంటబడేదాకా ఐరోపాకు తెలియదు. చివరికి 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే మొత్తం ప్రసరణను రుజువు చేశాడు. ఆయన పాములను, చేపలను, ఒళ్లు పారదర్శకంగా ఉండే థేమ్స్ నది రొయ్యలను సైతం పరీక్షించాడు. ఆయన వాదం కిరాణా లెక్కంత తేలిక. ఇప్పటి అంకెల్లో చెప్పాలంటే, మన గుండె ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 దెబ్బలు, అంటే దాదాపు 5 లీటర్లు తోడుతుంది. ఒంట్లో ఉన్నదే సుమారు అంత. నిమిషానికింత కొత్త రక్తం ఏ భోజనంలోంచి పుడుతుంది? కాబట్టి ఉన్న రక్తమే తిరుగుతోంది. ధమనులను, సిరలను కలిపే సన్నని దారులు మాత్రం ఆయన కంటికి చిక్కలేదు. ఆయన చనిపోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీవాడు మాల్పీగీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తులను చూసి ఆ కేశనాళికలను కనుగొన్నాడు.

ఇంకొకాయన సంగతి చెప్పకుండా ఉండలేను. లండన్ దగ్గర టెడింగ్టన్ గ్రామంలో యాభై ఏళ్లు సంఘ కాపరిగా ఉన్న స్టీఫెన్ హేల్స్, గుర్రం ధమనిలో గొట్టం అమర్చి, దానికి గాజు గొట్టం తగిలించి చూశాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచింది. 1733లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇవాళ డాక్టరు మన చేతికి పట్టీ చుట్టి చూసే బీపీకి అదే తొలి కొలత. ఆయన పొరుగున ఉన్న కవి అలెగ్జాండర్ పోప్‌కు ఆయనంటే గౌరవమే గానీ, ఇంత మంచి మనిషి మూగజీవాల రక్తంలో చేతులు ముంచుతున్నాడే అని బాధపడేవాడట. ఆ బాధ న్యాయమే. కాపరిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, ఆయన పుస్తకాన్ని ఎవరూ తగలబెట్టలేదు. సెర్వీటస్‌కూ ఈయనకూ మధ్య 180 ఏళ్లు గడిచాయి.

సెర్వీటస్‌ను కాల్చిన మరుసటి ఏడే, బాధలాంటి తప్పుడు బోధకైనా మనిషిని చంపకూడదని కాస్టెలియో అనే ప్రొటెస్టెంటు పండితుడు బాసెల్ నుంచి పుస్తకం ప్రచురించాడు. అప్పట్లో విన్నవారు కొద్దిమందే. 1903లో షాంపెల్‌లో ఒక రాయి నిలబెట్టారు. నిలబెట్టింది కాల్విన్‌ను గౌరవించేవారే. తమ గురువు చేసిన తప్పును, అది ఆ శతాబ్దపు తప్పు అంటూనే, రాతిమీద ఒప్పుకున్నారు.

ఆ పుస్తకం అసలు ప్రతులు ఇప్పుడు మూడే ఉన్నాయి. పారిస్‌లో ఒకటి, వియన్నాలో ఒకటి, ఎడిన్‌బరోలో ఒకటి. ఎడిన్‌బరో ప్రతికి మొదటి 16 పేజీలు లేవు. వాటి స్థానంలో ఎవరో చేత్తో రాసి కుట్టిన కాగితాలున్నాయి.