ఇంటి వెచ్చములు : రైతు చేయని లెక్క

పసుపు కళ్లముల మీదనున్న దినములలో ఒకసారి మేము కోరుట్ల ప్రాంతమున ఒక రైతు నింటికి పోయితిమి. ఉడికించి యెండబోసిన కొమ్ములు వాకిటినుండి దొడ్డివరకు పరచియుండెను. మధ్యాహ్నమగుటచే ఆ యిల్లాలు మమ్ము భోజనమునకు నిలిపి, పొయ్యిమీద పప్పు పెట్టి, మనుమని బిలిచి, దుకాణమునుండి పసుపు పొట్లము తెమ్మని పంపెను. బాలుడు ఖాతాలో వ్రాయించి 100 గ్రాముల పొట్లము తెచ్చెను. మాకు నవ్వు వచ్చెను. “అక్కా, ఇంటినిండ పసుపుండగా పొట్లమేల?” అని యడిగితిమి. “అది అమ్మే పసుపయ్యా, ఇది వండే పసుపు” అని యామె చెప్పెను.

మేము నవ్వితిమే కాని ఆ మాట చాల దినములు మమ్ము విడువలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతు, ఎకరమునకు యూరియా ఎన్ని బస్తాలు పడినది, కోతయంత్రమునకు గంటకెంత యైనది వ్రేళ్లమీద చెప్పగలడు. ఇంటికి నెలకు ఎంత నూనె వచ్చినది, కిలో యేమి ధర పడినది అని యడిగిన, అవి ఆడవారి సంగతులనును. ఆడవారి నడిగిన, ఖాతా దుకాణదారునియొద్ద నున్నదందురు. అనగా ఆ యింటి లెక్క ఆ యింటిలో లేదు. పంటలో పదివేలు మిగిల్చి, వెచ్చములలో తెలియకుండ పదివేలు పోగొట్టుకొను రైతులను మేము పెక్కుమందిని చూచియున్నాము. కావున ఈ మాసము ఎరువుల మాట మాని యింటి మాట వ్రాయుచున్నాము.

మొదట ఆ పసుపు లెక్కయే చూతము. పొట్లముపై 35 రూపాయలని యుండెను. అనగా కిలో 350 రూపాయలు. ఆ రైతు ఆ యేడు తన కొమ్ములను క్వింటాలు 12,000 రూపాయలకు, అనగా కిలో 120 రూపాయలకు అమ్మెను. ఇంటికి సంవత్సరమునకు 3 కిలోలు కావలయుననుకొందము. పొట్లములుగా కొనిన 1,050 రూపాయలు. తన కొమ్ములే 3 కిలోలు తీసియుంచి, గిర్నిలో కిలోకు 20 రూపాయల కూలి యిచ్చి ఆడించిన, మొత్తము 420. ఒక్క పసుపుమీద 630 రూపాయలు మిగులును. కొమ్ములు బాగుగ ఎండి, విరిచిన టక్కుమని విరుగవలెను. పచ్చిదనమున్న కొమ్ము గిర్నికి అంటుకొనును, పొడి ముద్దగట్టును.

ఇతరుల తప్పు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. మా యింటను ఇట్టిదే జరిగినది. ఒక యేడు మాకు కందులు రెండు క్వింటాళ్లు పండగా, ధర బాగున్నదని అన్నియు అమ్మివేసితిమి. ఆషాఢమునుండి పప్పు కొనుచు వచ్చితిమి. దీపావళినాటికి మా యింటివారు పాత చీటీలన్నియు ముందు పెట్టి, “మన కందులే మనము ఒకటిన్నర ధరకు తిరిగి కొన్నాము” అనిరి. ఊరూర లెక్కలు చెప్పు మాకు ఆ దినము జవాబు దొరకలేదు. క్వింటాలు కందులకు సుమారు 70 కిలోల పప్పు వచ్చును. పొట్టు, నూక పశువులకు పనికివచ్చును. నలుగురైదుగురున్న యింటికి అది సంవత్సరపు తిండికి చాలును. కందులు నిలువయుండిన పుచ్చునని భయపడువారు ఒకటి తెలిసికొనవలెను. పుచ్చుపురుగు చేనియందే కాయమీద గ్రుడ్లు పెట్టి, గింజతోకూడ ఇంటికి వచ్చును. కావున కందులను బాగుగ ఎండబెట్టి, ఆలస్యము చేయక పప్పుగ ఆడించి, కొంచెము నూనె రాచి, గట్టిమూతగల డబ్బాలలో పోసికొనవలెను. పగులగొట్టిన పప్పునకు ఆ పురుగు బాధ చాల తక్కువ.

ఇక కొనక తప్పని వస్తువుల సంగతి. పూర్వము దుకాణమున సేరు, సోల, తవ్వ యని కొలిచి యిచ్చుచుండిరి. కొలత మోసమైనను కంటికి కనబడెడిది. ఇప్పుడు వస్తువు పొట్లములో వచ్చుచున్నది. మోసమనరాదు గాని, పొట్లము కంటిని మాయజేయును. నూనెనే చూడుడు. వంటనూనె ఒక లీటరు సుమారు 910 గ్రాములు తూగును. దుకాణమున ప్రక్కప్రక్కన వ్రేలాడు రెండు సంచులు చూచుటకు సమానముగనే యుండును. ఒకదానిపై 910 గ్రాములు, ధర 150 రూపాయలు. రెండవదానిపై 850 గ్రాములు, ధర 143 రూపాయలు అనుకొందము. ఏడు రూపాయలు తక్కువని రెండవదానిని కొందురు. లెక్కవేసిన మొదటిది కిలో 164 రూపాయల 80 పైసలు, రెండవది 168 రూపాయల 20 పైసలు. చౌకయనుకొన్నదే ప్రియమైనది.

పొట్లముపై నికరపు తూకమును, పన్నులన్నియు కలిపిన గరిష్ఠ ధరను ముద్రింపవలెనని 2011 నాటి నియమములు చెప్పుచున్నవి. 2021లో వానిని సవరించి, గ్రాముకు లేక కిలోకు ఎంత పడునో ఆ ధరనుకూడ ముద్రింపవలెనని చేర్చిరి. ఆ యంకె చిన్న అక్షరములలో ఒక మూలనుండును. అద్దములు పెట్టుకొనియైనను చదువుడు. ఇంట బడికిపోవు పిల్లవాడున్నచో వానిచే చదివింపుడు. గరిష్ఠ ధరకు మించి అడుగుట నేరము. దానికి తక్కువకు అమ్ముటకు మాత్రము వర్తకునకు ఏ యడ్డియు లేదు. కావున పొట్లపు వస్తువునకు బేరమాడరాదను మాట వట్టిది.

పెద్దది కొనిన చౌకయను మాటను గ్రుడ్డిగ నమ్మవలదు. పప్పు, ఉప్పు, సబ్బులలో అది చాలవరకు నిజము. తలకు రుద్దుకొను షాంపూ మాత్రము కొన్ని రకములలో సీసాకంటె చిన్న పొట్లములోనే చౌకగ పడుటను మేము లెక్కించి చూచితిమి. వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసుండవలెను. వట్టి సిలిండరు తూకము దానిమీదనే వ్రాసియుండును. రెండును కలిపి తూచి యిమ్మని తెచ్చినవానిని అడుగుటకు సంకోచింపవలదు.

ఇంతవరకు చెప్పినది చిల్లర. అసలైన నష్టము ఉద్దెరలో నున్నది. దుకాణదారుడు ఉద్దెరకు మిత్తి యని యెన్నడును అడుగడు. అందుచే మనకది మిత్తిగ తోచదు. కాని నగదుకు కొనువానికి 100 రూపాయలకిచ్చు సరకును ఖాతావానికి 105 రూపాయలకు వ్రాసికొనిన, నెలకు నూటికి 5 రూపాయల మిత్తి, సంవత్సరమునకు నూటికి 60. సహకార సంఘమున పంటఋణమునకు సాలీనా నూటికి 7 రూపాయల మిత్తికి, గడువున చెల్లించినవారికి అందును 3 రూపాయలు తగ్గింపునకు, పెదవి విరచు రైతు ఈ 60ని తలవంచుకొని కట్టుచున్నాడు. పైగా ఖాతా యున్నవాడు వేరొక దుకాణమునకు పోలేడు, వస్తువు బాగులేదని త్రిప్పి యీయలేడు, ధర యడుగను నోరు రాదు.

దుకాణదారుని దుర్మార్గుడని మేమనము. 2020లో కరోనా దినములలో, గల్ఫునుండి పైకము రాక మూడేసి మాసములు నిలిచిన యిండ్లకు ఉప్పు, పప్పు ఇచ్చినవాడు అతడే. మునిగిపోవు ఖాతాల నష్టము నిలిచియున్న ఖాతాలమీద పడును, అంతే. కోరుట్ల, జగిత్యాలలలో బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రకు కూలి నెలకొకసారి చేతికందును. సిరిసిల్లలో సాంచెలు నిలిచిన దినములలో పని లేదు, కూలి లేదు. అప్పులు తీర్చలేక అక్కడి నేతకార్మికులు ప్రాణములు తీసికొనిన వార్తలను ఇరువదియేండ్లకు పైగా పత్రికలలో చదువుచున్నాము. ఆ యప్పులన్నియు వెచ్చములవి కావు. కాని పచారు ఖాతా మెడవరకున్న యింటికి, జ్వరమో పెండ్లియో వచ్చినపుడు ఊపిరి పీల్చుకొను చోటు లేకపోవును.

ఉద్దెరనుండి బయటపడుటకు ప్రతిమాసము కష్టపడ నక్కరలేదు. ఒక్కసారి దాటిన చాలును. మీ నెలవెచ్చము 4,000 రూపాయలనుకొందము. యాసంగి వడ్ల పైకము వచ్చిననాడు పాత ఖాతా తీర్చి, మరియొక 4,000 వేరుగ తీసి, రాబోవు మాసపు సరకును నగదుకు తెచ్చుకొనుడు. పిదప మీరు నెల చివర దుకాణమున కట్టుచుండిన పైకమే తరువాతి నెలకు నగదగును. నూటికి 5 వంతున నెలకు 200, సంవత్సరమునకు 2,400 రూపాయలు మిగులును. వేరుగ తీసిన 4,000 మాత్రము మీ చేతిలోనే తిరుగుచుండును. దీనికై పంటఋణమును మాత్రము ముట్టవలదు. అది చేనిది.

కరెంటు బిల్లు ఉద్దెరవంటిది కాదు, బేరమాడునదియు కాదు. సిరిసిల్ల ప్రాంతమున 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘము, ‘సెస్’ అని మనమందరము పిలుచునది, కరెంటు నిచ్చుచున్నది. దేశములో ఇట్టివి బహు కొద్ది. జగిత్యాల, కోరుట్లలకు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ యిచ్చును. ఎవరిచ్చినను ధరలు నిర్ణయించునది రాష్ట్ర నియంత్రణ మండలియే. ఆ ధరలలోని మెట్లను తెలిసికొనుట ముఖ్యము. 2022లో నిర్ణయించిన ధరలనుబట్టి ఇంటి వాడుకలో 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు. 101 యూనిట్లైన, ఆ యొక్క యూనిటుకే కాక మొదటినుండియు ధర మారి, 344 రూపాయల 80 పైసలగును. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఇతర రుసుములు వేరు. 2024 మార్చి బిల్లునుండి గృహజ్యోతి పథకమున రేషనుకార్డు గల యిండ్లకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. మెట్టు దాటిన మాసమున మాత్రము పూర్తి బిల్లు కట్టవలెను. అట్టి యింటికి ఆ ఒక్క యూనిటు వేయిరూపాయలకు పైగా పడినట్లే.

ఎచ్చట తగ్గింపవలెను? దీపములయొద్ద కాదు, 9 వాట్ల బల్బు నూరుగంటలు వెలిగినను యూనిటు కాదు. నీళ్లు కాగబెట్టు రాడ్డు 1,500 వాట్లది 40 నిమిషములకే ఒక యూనిటు త్రాగును. దినమునకొకటి చొప్పున నెలకు 30. దొడ్డిలో పత్తికట్టె, మక్కబెండ్లు పెట్టుకొని రాడ్డు పెట్టుట మాకు నచ్చదు. పాత పంకా 75 వాట్లది దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. క్రొత్తరకపు పంకా సుమారు 30 వాట్లది, అంతే గాలికి 10.8. రెండు పంకాలు మార్చిన 32 యూనిట్లు తగ్గును. వేసవిలో 225 యూనిట్లు కాల్చు యిల్లు 193కు దిగును. ధర కొంత హెచ్చైనను, మెట్టుమీదనున్న యింటికి రెండు మూడు వేసవులలో తిరిగివచ్చును. బిల్లుపై రెండు రీడింగుల తేదీలను కూడ చూచుకొనుడు. నడుమ దినములు హెచ్చినచో యూనిట్లును హెచ్చును; వెంటనే వ్రాతమూలముగ అడుగుడు.

ఒక్క యిల్లు చేయలేనిది పది యిండ్లు కలిసి చేయగలవు. ఇది క్రొత్త సంగతి కాదు. 1844 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు, వారిలో నేతపనివారు పెక్కుమంది, తలకొక పౌను చొప్పున పోగుచేసి, పిండి, వెన్న, చక్కెర అమ్ము చిన్న దుకాణము తెరచిరి. నిజమైన తూకము, కల్తీలేని సరకు, నగదు బేరము, కొనినదానినిబట్టి సభ్యులకు లాభపువంతు: ఇవియే వారి కట్టుబాట్లు. లోకములోని సహకార సంఘములన్నియు వారినే త్రోవగ జూచుకొన్నవి. మన కరీంనగరు ప్రాంతముననే ములుకనూరులో ఏ.కె. విశ్వనాథరెడ్డిగారు 1956లో స్థాపించిన గ్రామీణ సహకార సంఘము ఋణముతోబాటు విత్తనములు, ఎరువులు సమకూర్చి, సభ్యుల పంటను తానే కొని, నేటికిని నిలిచియున్నది.

మన గ్రామములలో ఉమ్మడి కొనుగోలు చేసి చెడినవారినికూడ మేము చూచితిమి. ఒకచోట ఇరువది యిండ్లు కలిసి మిరప, చింతపండు తెచ్చిరి. తూకము బాగుండెను, ధర బాగుండెను. పంచుటకు నిలిచినవాడు తన బావమరిదికి మొదటిసారి ఉద్దెర పెట్టెను, రెండవసారి నలుగురికి పెట్టవలసివచ్చెను, మూడవసారి కొనుటకు పైకము లేకపోయెను. కావున పైకము ముందు, సరకు తరువాత. తూచువాడొకడు, వ్రాయువాడు మరియొకడుగ నుండవలెను. మొదటి యేడు కందిపప్పు, ఎండుమిరప, చింతపండు, ఉప్పు ఈ నాలుగింటితోనే నడపుడు. ఇవి పంటకాలమున చౌకగ దొరకును, ఎండబెట్టిన నిలుచును. చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి, కుండలో గట్టిగ అదిమి పెట్టవలెను. నూనెను మాత్రము ఉమ్మడిగ తేవలదు. డబ్బా విప్పి పంచుకొనునపుడు కారును, తూకమున పేచీ వచ్చును, మూడు మాసములు దాటిన కంపు కొట్టును.